మిజ్నా కబురు

పడవ హాసిక్ రేవు దాటి బయటి నీళ్ళలోకి వచ్చింది. ఫిబ్రవరి నెల, పొద్దెక్కుతున్న వేళ. పడవలో ముగ్గురే ఉన్నారు: అరవై దాటిన సరంగు బఖీత్, అతని మేనకోడలు తుఫూల్, తిమింగలాన్ని చూడాలని మస్కట్ నుంచి ఒంటరిగా వచ్చిన రిటైర్డ్ టీచరు రయ్యా. బఖీత్ నోరు ఊరికే మూతపడే నోరు కాదు. ఆ రోజు పడింది. ఎందుకో మీరే వినండి.

“అది కాదు మావయ్యా, అడిగినదానికి చెప్పు. ఆ చెయ్యేమిటి?”

“ఏ చెయ్యి?”

“నీకెన్ని చేతులున్నాయి? ఆ గుడ్డ చుట్టింది.”

“ఓ, ఇదా. ఇది కబుర్లలోకి వస్తుంది. కబుర్లు కాఫీ తర్వాత.”

“రేవులో అడిగితే కబుర్లేం లేవన్నావుగా?”

“అన్నాను. నువ్వు ‘ఏం కబుర్లు మావయ్యా’ అన్నావు, నేను ‘కబుర్లేం లేవు, అంతా క్షేమం’ అన్నాను. మరేమనాలి? మర్యాద తెలిసినవాడెవడైనా గుమ్మంలోనే కబురు కక్కేస్తాడా? మా అమ్మ పోయిన రోజు మా అన్న సలాలా నుంచి వచ్చి ఏం కబుర్లురా అంటే ఏమన్నాననుకున్నావ్? కబుర్లేం లేవు అన్నాను. కూర్చున్నాడు. ఖర్జూరం తిన్నాడు. మూడు కప్పులు తాగి, ఇక చాలని కప్పు ఊపాడు. అప్పుడు చెప్పాను.”

“విన్నారా టీచరు గారూ? చావు కబురైనా మూడు కప్పుల తర్వాతే.”

“మా మస్కట్లో ఇప్పుడంత ఓపిక ఎవరికుందమ్మా? ఫోన్లో మెసేజీ పడేస్తారు. పక్కన ఒక ఏడుపు బొమ్మ.”

“అందుకే మస్కట్ వాళ్ళకి కాఫీ రుచి తెలీదు టీచరమ్మా.”

“సరంగు గారూ, నేను వాంతి చేసుకోకుండా కూర్చోవడమే గొప్ప. ఇప్పుడు నా ఊరి పరువు కూడా తియ్యకండి.”

“నిమ్మకాయ వాసన చూస్తూ ఉండండి. కళ్ళు అదిగో, ఆ దీవి మీద పెట్టండి. పడవ కదుల్తుంది, నీళ్ళు కదుల్తాయి, మీ కడుపు కదుల్తుంది. దీవి కదలదు.”

“అదొక్కటీ చెప్పు మావయ్యా. చావు కబురా, పెళ్ళి కబురా?”

“మంచి కబురే. నువ్వు వింటే ఎగిరి గంతేస్తావు. గంతేసే ముందు పడవ పట్టుకో, నిన్ను నీళ్ళలోంచి లాగే వయసు కాదు నాది.”

“నా పెళ్ళి గురించైతే ఇప్పుడే దూకేస్తాను.”

“నీ పెళ్ళి ఆశ నాకెప్పుడో పోయింది. ఈ పిల్ల ఏం చేసిందో తెలుసా టీచరమ్మా? చక్కగా బళ్ళో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం. అది వదిలేసి తిమింగలాల తోకలకి బొమ్మలు తీస్తానని వచ్చి కూర్చుంది. ఊళ్ళో దీని పేరేమిటో తెలుసా? తిమింగలాల తుఫూల్.”

“ఆ పేరు పెట్టింది ఎవరో కూడా చెప్పు.”

“నేనే. అప్పుడు నాకు బుద్ధి లేదు.”

“ఇప్పుడుందా?”

“ఇప్పుడు వలలన్నీ అమ్మేసి పడవలో కుర్చీలు వేయించాను కదే! బుద్ధి ఉన్నట్టా లేనట్టా, టీచరమ్మే చెప్పాలి.”

“కుర్చీలు బాగున్నాయండి. ఇంతకీ తుఫూల్, మనం వెతికేది ఒక్కదాన్నేనా? ఏదో ఒక తిమింగలం కనబడితే చాలనుకుని వచ్చాను నేను.”

“ఏదో ఒకటి అనుకోడానికి ఎన్నున్నాయి టీచరు గారూ! మన తీరం పొడవునా వెతికినా మూపురం తిమింగలాలు వందలోపే. నేను తోకని బట్టి గుర్తుపట్టి పేరు పెట్టుకున్నవి నలభై ఒకటి. ఈ చలికాలం కంటపడినవి ఏడు. పిల్లతో కనబడింది ఒక్కటే ఒక్కటి. మిజ్నా.”

“వానమబ్బు! మంచి పేరు పెట్టావు.”

“దాని తోక కిందివైపు అలాగే ఉంటుంది. బూడిద రంగు, అంచులు తెల్లగా. పిల్లకి నెలన్నర ఉంటుంది. పదేళ్ళలో నేను చూసిన పిల్లల్లో ఇది మూడోది. ముందు రెండూ ఏడాది తిరక్కుండా పోయాయి.”

“వేరే సముద్రాల నుంచి రావా? ఏవో రుతువుల్ని బట్టి తిరుగుతాయంటారు కదా.”

“మిగతా లోకంలో తిరుగుతాయి. ఇవి తిరగవు. ఎన్ని వేల ఏళ్ళుగానో ఇక్కడే పుట్టి, ఇక్కడే తిని, ఇక్కడే పోతున్నాయి. ఇవి అయిపోతే ఆ చోటు నింపడానికి ఎవరూ రారు.”

“హాసిక్ వాళ్ళం మేమూ అంతే టీచరమ్మా. చచ్చినా ఊరు దాటం.”

“నువ్వు పోయిన నెలేగా దుబాయి పోయొచ్చావు మావయ్యా.”

“ఇంజిను కొనడానికి పోయాను! అది ఊరు దాటడం కాదు.”

“నిన్న హోటల్లో ఎవరో తాడు గురించి మాట్లాడుకుంటున్నారు తుఫూల్. మిజ్నాకేనా?”

“మిజ్నాకే. మంగళవారం సువైలిమ్ అని మా ఊరి జాలరి చూశాడు. తోక మొదట్లో వలతాడు చుట్టుకుంది. వెనకాల పదిహేను బారల తాడు, ఆ తాడుకి నాలుగు నారింజ రంగు బెండ్లు. అవన్నీ ఈడ్చుకుంటూ, పిల్లని పక్కన పెట్టుకుని పోతోందట. అతను చెప్పడమే గొప్ప. మిగతావాళ్ళు చూసినా చూడనట్టే ఊరుకుంటారు.”

“అయ్యో. ఎవరి వల?”

“ఎవరిదైతేనేం? సముద్రం నిండా వలలే. బుధవారం నేను పరిగెత్తుకుంటూ సలాలా పోయాను. తాళ్ళు విప్పడం నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు, వేరే దేశం వాళ్ళు, కాళ్ళా వేళ్ళా పడితే వచ్చారు. మిర్బాత్‌లో దిగి ఉన్నారు. బెండ్లు ఎక్కడ కనబడితే అక్కడికి రెండు గంటల్లో వాలతారు. రేపు పొద్దున్నే వాళ్ళ విమానం. ఇవాళ దొరక్కపోతే ఇంక లేదు.”

“అంటే ఇవాళే...”

“ఇవాళే. సాయంత్రం లోపల.”

“నాకు తెలీక అడుగుతాను, అంతమంది రావడమెందుకు? దగ్గరికి పోయి ఆ తాడేదో కోసి పారేస్తే పోలేదా?”

“ఆఁ! చూశావా? చూశావా తుఫూల్? చదువుకున్న మనిషి, చటుక్కున పట్టేసింది! టీచరమ్మా, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి. కాఫీ ఇప్పుడే పోస్తాను. దీవుల దాకా ఆగక్కర్లేదు.”

“ఆగు మావయ్యా. టీచరు గారూ, సరిగ్గా అదే చెయ్యకూడని పని.”

“ఏది?”

“ఆ తాడు కొయ్యడం. అందరికీ ముందు తోచేది అదే. మంచివాళ్ళకి మరీ తోస్తుంది. కానీ బిగుసుకున్న చుట్టు ఉన్నది తోక మొదట్లో, నీళ్ళ కింద. అది ముప్పై టన్నుల జంతువు, భయపడి ఉంది. దాని తోక దగ్గరికి ఎవరు పోతారు? వెనకాల ఈడుస్తున్న తాడే పిడి. ఆ తాడు పట్టుకుని దానికి ఇంకా పెద్ద బెండ్లు కడతారు. అది లాగీ లాగీ అలిసేదాకా వెంటపోతారు. ఆ తాడు పట్టుకునే దగ్గరికి చేరి, పొడుగు కర్రకి కట్టిన కొడవలితో చుట్టు తెంపుతారు. అదొక్కటే దారి.”

“మరి వెనక తాడు లేకపోతే?”

“లేకపోతే లేదు. బరువు తగ్గింది కదా, హాయిగా పారిపోతుంది. చూసినవాడు హమ్మయ్య అనుకుంటాడు. చుట్టు మాత్రం అలాగే ఉంటుంది. రోజుకింత కోసుకుంటూ ఎముక దాకా పోతుంది. తోక ఆడదు, తిండి పట్టుకోలేదు, పాలు ఎండిపోతాయి. ముందు పిల్ల పోతుంది, తర్వాత తల్లి. నాలుగు నెలలో, అయిదు నెలలో. ఆ తాడు కోసినవాడు దాన్ని చేతులారా చంపినట్టే. కాకపోతే నెమ్మదిగా.”

“అమ్మో.”

“అందుకే ఇంత వెతుకులాట. బెండ్లు కనబడితే చాలు, మిజ్నా బతికినట్టే. ఇదిగో మావయ్యా ఫ్లాస్కు. పొయ్యి మరి. మావయ్యా!”

“ఆఁ?”

“కాఫీ.”

“ఇప్పుడొద్దు.”

“ఇప్పుడే పోస్తానన్నావు!”

“ఇంజిను... ఇంజిను చప్పుడు ఏదో తేడాగా ఉంది. వింటున్నా.”

“నాకేం తేడా వినబడట్లేదు.”

“నీకేం తెలుసు ఇంజిన్ల గురించి? తోకల గురించి చూసుకో.”

“మీ మంచి కబురు కోసం చూస్తున్నానండి సరంగు గారూ. కాఫీ తాగితే కానీ చెప్పరుగా?”

“కబుర్లేం లేవమ్మా. అంతా క్షేమం.”

“ఊరిస్తున్నాడు టీచరు గారూ. ఆయన పద్ధతే అంత.”

“తుఫూల్.”

“ఏంటి?”

“ఈ పిడి సంగతి... వెనక తాడు సంగతి... ఇది మామూలుగా జనానికి ఎలా తెలుస్తుంది?”

“ఎలా తెలుస్తుందేంటి? ఊరంతటినీ పిలిచి చెప్పాను కదా! మొన్న అక్టోబరులో, జాలర్ల హాల్లో. తాడు ముట్టుకోవద్దు, నాకు ఫోన్ చెయ్యండి అని గొంతు పోయేలా అరిచాను. నువ్వూ ఉన్నావు.”

“ఉన్నాను.”

“మరి?”

“ఉన్నానంటున్నా కదా. ముప్పై నలుగురు వచ్చారు ఆ రోజు. నా మేనకోడలు పిలిచిన సభ, నా ఇంటి గౌరవం. ఎవడి కప్పూ ఖాళీగా ఉండకూడదని తిరుగుతూనే ఉన్నా. పోసేవాడు కూర్చోకూడదు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి బయటికి, మళ్ళీ మరగపెట్టి లోపలికి...”

“నీ కాఫీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నా మాట ఎవడైనా విన్నాడో లేదో దేవుడికే తెలియాలి.”

“వినే ఉంటారు. వినే ఉంటారులే.”

“మావయ్యా, ఎటు పోతున్నావు? సువైలిమ్ చెప్పింది దీవుల వైపు.”

“అటు అలలెక్కువ. టీచరమ్మకి పడదు.”

“నా కోసమైతే వద్దండి. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు పాఠంలో తిమింగలం బొమ్మ చూపించాను. అసలుది చూడకుండా చచ్చిపోతానేమోనని వచ్చాను. వాంతి అయితే అయింది.”

“విన్నావుగా? తిప్పు.”

“ఇవాళ గాలి బాగాలేదు తుఫూల్. అటు పోయినా ఏం కనబడదు.”

“అద్దంలా ఉంది సముద్రం! ఏమైంది నీకు? ఒంట్లో బాగాలేదా?”

“బానే ఉంది.”

“చెయ్యి నొప్పిగా ఉందా?”

“చెయ్యి జోలికి రాకు.”

“సరే బాబూ, రాను. తిప్పు.”

“తిప్పుతున్నా. తిప్పుతున్నా.”

“తుఫూల్, అదేమిటమ్మా అక్కడ? ఎర్రగా... కాదు, నారింజ రంగే! నీళ్ళలో తేలుతోంది!”

“ఎక్కడ? ఎక్కడ టీచరు గారూ?”

“ఆ పక్షులున్న చోట. కొంచెం ఇవతలికి.”

“అవును! అవును! మావయ్యా, బెండు! అటు పోనీ!”

“అది కాదు.”

“ఏది కాదు? నువ్వు చూడనైనా చూళ్ళేదు!”

“అది బెండు కాదు తుఫూల్.”

“ఇంత దూరం నుంచి ఎలా తెలుసు నీకు? ముందు పోనీ పడవ!”

“పోనిస్తున్నా. కానీ అది కాదు.”

“కాకపోతే ఏమిటి? నాలుగు బెండ్లలో ఒకటి పైకి తేలి ఉంటుంది. దాని వెనకే తాడు, తాడు చివర... ఛ.”

“ఏమైందమ్మా?”

“డబ్బా. బట్టల సబ్బు డబ్బా. ఎవడో ఓడ మీంచి పారేశాడు.”

“నేను చెప్పలా?”

“చెప్పావు. సంతోషమా?”

“సంతోషమేంటే? నేనేమన్నానిప్పుడు?”

“ఏమో. పొద్దున్న నవ్వుతూ వచ్చావు. ఇప్పుడు నీ మొహం చూస్తే భయమేస్తోంది.”

“ఒకటడుగుతాను, కోప్పడకు. ఒకవేళ... ఊరికే అడుగుతున్నా... ఎవడో తెలీనివాడు తెలీక కోసేశాడే అనుకో. మిర్బాత్‌లో ఉన్నవాళ్ళు అంత నేర్చుకున్నవాళ్ళు కదా. వాళ్ళేదో ఒకటి చెయ్యరా?”

“చెయ్యరు.”

“ఏదో ఒకటి ఉంటుందే. మత్తు సూదిలాంటిది.”

“నీళ్ళలో మత్తిస్తే మునిగి చస్తుంది. ఏమీ లేదు మావయ్యా.”

“ఏమీనా?”

“ఏమీ. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే. ఊరికే అన్నానుగా.”

“సరంగు గారూ, ఇంజిను ఆపితే బాగుంటుందేమో. మీ ఇద్దరి గొంతులకి తిమింగలాలు పారిపోతాయి.”

“ఆపు మావయ్యా. ఇక్కడే ఆపు. కాసేపు చెవులతో వెతుకుదాం.”

“ఆపాను.”

“ఎంత నిశ్శబ్దంగా ఉందమ్మా.”

“ష్. వినండి.”

“ఏమీ లేదు.”

“ష్. అదిగో. విన్నారా?”

“ఎవరో గట్టిగా నిట్టూర్చినట్టు...”

“అదే. ఊపిరి. ఎటు నుంచి? మావయ్యా, నీ వైపా?”

“నా వైపు కాదు.”

“నీ వైపే! అదిగో, నీ వెనకే! టీచరు గారూ, లేవకండి, కూర్చునే ఇటు తిరగండి. చూశారా? తెల్లగా పొగలా లేచింది. పక్కన చిన్నది చూశారా? పిల్ల! పిల్ల ఉంది! మిజ్నా!”

“దేవుడా. దేవుడా, ఎంత... సరంగు గారూ, ఇంత దగ్గరికి వస్తుందా?”

“వస్తుందమ్మా. అది భయపడదు. దానికి... దానికి మనుషులంటే భయం లేదు.”

“నేను ఏడుస్తున్నానేంటి? అరవై రెండేళ్ళ మనిషిని!”

“ఏడవండి టీచరు గారూ, అందరూ ఏడుస్తారు. మావయ్యా, బెండ్లేవి? నీకేమైనా కనబడుతున్నాయా?”

“లేవు.”

“వెనకాల చూడు, దూరంగా చూడు. పదిహేను బారల తాడు అన్నాడు.”

“లేవు తుఫూల్.”

“మునుగుతోంది. తోక లేపుతుంది ఇప్పుడు. కెమెరా, కెమెరా ఏది? ఆఁ, లేపు తల్లీ... లేపు... అదిగో!”

“ఎంత పెద్దది! మబ్బే! నిజంగా వానమబ్బే! తుఫూల్, చూశావా? తుఫూల్?”

“ఉండండి, పెద్దది చేసి చూస్తున్నా.”

“ఏమైందమ్మా?”

“ఏం లేదు. ఫోటో... ఫోటో పడిందో లేదో చూస్తున్నా.”

“పడిందా?”

“పడింది.”

“తుఫూల్, ఏం కనబడింది? చెప్పవే. నోరు తెరిచి చెప్పు.”

“ఊడిపోయింది.”

“ఏంటీ?”

“ఊడిపోయింది మావయ్యా! తాడు ఊడిపోయింది! బెండ్లు లేవు, తాడు లేదు, చుట్టు కూడా లేదు. తోక శుభ్రంగా ఉంది. విడిపించుకుంది! తనంతట తానే విడిపించుకుంది!”

“శుభ్రంగానా? నువ్వు చూశావా? సరిగ్గా చూశావా?”

“కెమెరాలో పెద్దది చేసి చూశాను.”

“ఏదీ, నాకు చూపించు.”

“ఎండలో నీ కళ్ళకేం కనబడుతుంది? ఇంటికెళ్ళాక చూద్దువుగాని.”

“ఒక్కసారి చూపించవే!”

“చెప్పాను కదా, శుభ్రంగా ఉందని! నా మాట నమ్మవా? కెమెరా మూసేశాను. ఉండు, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తాను, పాపం పొద్దుట్నుంచీ చూస్తుంటారు.”

“ఏమని చెప్తావు?”

“రావక్కర్లేదని.”

“వద్దు వద్దు. అలా అనకు. ఒక్కసారి వచ్చి చూసి పొమ్మను.”

“దేనికి?”

“ఊరికే. అంత దూరం వచ్చారు... మన ఊరు వచ్చి కాఫీ అయినా తాక్కుండా పోతే బాగుంటుందా? రమ్మను.”

“రేపు వాళ్ళ విమానం మావయ్యా. జరుగు, ముందుకి పోయి మాట్లాడతాను. ఇక్కడ సిగ్నల్ తెగిపోతోంది.”

“ఇంగ్లీషులో మాట్లాడుతోంది. టీచరమ్మా, మీకు తెలుసుగా. ఏమంటోంది?”

“రావద్దంటోందండి.”

“ఇంకా?”

“ఇంకా... గాలికి సరిగ్గా వినబడట్లేదు.”

“గాలెక్కడుందమ్మా?”

“నా చెవులు ముసలివైపోయాయి సరంగు గారూ. సరిగ్గా వినబడట్లేదు.”

“మరి ఏడుస్తోందేం?”

“సంతోషమై ఉంటుంది. నేనూ ఏడ్చానుగా ఇందాక.”

“అవును. సంతోషమే అయి ఉంటుంది. పదేళ్ళ కష్టం కదా. సంతోషమే.”

“అయిపోయింది. చెప్పేశాను. సరే అన్నారు.”

“తుఫూల్, అదేమిటమ్మా, నువ్వు వాళ్ళతో అన్నది...”

“టీచరు గారూ, కాఫీ తాగుతారా? ఇప్పుడు తాగాలి. మావయ్యా, నేను పోస్తాను, నువ్వు కూర్చో. ఎప్పుడూ నువ్వే పోస్తావు. పట్టు.”

“నాకొద్దే.”

“పట్టమంటున్నాను కదా.”

“తాగితే కబురు చెప్పాలి.”

“చెప్పక్కర్లేదు. ఇవాళ్టికి మిజ్నా కబురు చాలు. తాగు.”

“అలా ఊడిపోతుందా తుఫూల్? ఒక్కోసారి?”

“ఒక్కోసారి.”

“చుట్టు కూడానా?”

“చుట్టు కూడా. అది గింజుకుంటుంది, దొర్లుతుంది, రాళ్ళకి రాసుకుంటుంది. వదులవుతుంది, జారిపోతుంది.”

“ఇందాక ఊడదన్నావు. ఎముక దాకా పోతుందన్నావు.”

“ఇందాక టీచరు గారిని భయపెట్టడానికి అన్నాను. ఖర్జూరం తిను.”

“అవునా టీచరమ్మా? భయపెట్టిందా మిమ్మల్ని?”

“భయపెట్టిందండి. చాలా భయపెట్టింది.”

“అయితే సరే. అయితే సరే. జారిపోయి ఉంటుంది. దేవుడు దయగలవాడు. అయితే ఇంకో కప్పు పొయ్యి.”

రేవులో టీచరు పడవ దిగి, తుఫూల్ చేతిని కాసేపు వదలకుండా పట్టుకుని, హోటల్ వైపు నడిచి వెళ్ళిపోయింది. ఇద్దరే మిగిలారు.

“ఏమందే టీచరమ్మ అంతసేపు?”

“ఏం లేదు. థాంక్సు చెప్పింది.”

“మంచి మనిషి. తుఫూల్, ఆ బకెట్ వదిలేసి ఇటు కూర్చో.”

“పడవ కడగాలి.”

“కడుగుదాంలే. కూర్చో. కబురుంది.”

“కబుర్లేం లేవు మావయ్యా. అంతా క్షేమం.”

“ఉంది.”

“ఇంటికి పోదాం. అత్తయ్య కాఫీ పెడుతుంది. తాగి, రేపెప్పుడైనా చెప్దువుగాని.”

“కాఫీ లేదు, మర్యాద లేదు. ఇప్పుడే చెప్తాను. దారంతా నమ్మాలనే చూశాను. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాలనే చూశాను. నా వల్ల కావట్లేదు. ఆ చుట్టు నేను చూశానే. అది జారేది కాదు. తోలులోకి దిగిపోయింది.”

“మావయ్యా, వద్దు.”

“మొన్న శుక్రవారం నమాజు అయ్యాక గాలం వేద్దామని ఒక్కణ్ణే పోయాను. దానంతట అదే పడవ పక్కకి వచ్చి ఆగింది. నన్ను చూసింది తుఫూల్, పక్కకి ఒరిగి మరీ చూసింది. పిల్ల తాడులో ఇరుక్కుంటోంది, బయటికొస్తోంది, మళ్ళీ ఇరుక్కుంటోంది. నాకు ఇంకేం తోచలేదు. కత్తి తీశాను. గంటన్నర పట్టింది. తాడు లాగేసి చెయ్యి చీరేసినా వదల్లేదు. నాలుగు బెండ్లూ కోశాను, అందినంత తాడూ కోశాను. చుట్టు అందలేదు. అదే వదులైపోతుందిలే అనుకున్నాను.”

“చాలు మావయ్యా.”

“చాలదు, విను. ఆఖరి పోగు తెగేసరికి అది నీళ్ళలోంచి గాల్లోకి ఎగిరింది! అంత బరువూ ఎగిరింది! అల్లా సాక్షిగా నా జన్మలో అంత సంతోషం ఎరగను. నీకు నా నోటితో చెప్పాలని, నీ మొహం చూస్తూ చెప్పాలని నువ్వు సలాలా నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.”

“తెలీక చేశావు.”

“తెలీకపోవడమేంటే? నువ్వు చెప్తుంటే నేను అదే గదిలో ఉన్నాను! పాత్ర పట్టుకుని తిరుగుతున్నాను!”

“అరవకు. రేవులో జనం ఉన్నారు.”

“ఉండనీ. ఫోన్ తియ్యి. వాళ్ళని వెనక్కి పిలువు. ఇంకా మిర్బాత్‌లోనే ఉంటారు. ముసలోడు కోశాడు, వాడిదే తప్పు అని చెప్పు. కావాలంటే జైల్లో పెట్టించు. నేనే వాళ్ళని పడవలో తీసుకుపోతాను. అది నా దగ్గరికి వస్తుంది, నన్ను చూసి భయపడదు. నేను నీళ్ళలోకి దిగుతాను. నువ్వు పొరపాటున విడిపించుకుందని చెప్పావు కదా, అది తప్పని చెప్పు. చెప్పవే!”

“వాళ్ళకి అలా చెప్పలేదు మావయ్యా.”

“ఎలా చెప్పలేదు? నా ఎదురుగానే చెప్పావు!”

“తోక లేపినప్పుడు చుట్టు అలాగే ఉంది, దానికి వేలాడుతూ తాడు మొదలు కనబడింది. జానెడు కూడా లేదు. కొత్త కత్తికోత. అప్పుడే నీ చేతి వైపు చూశాను. ఎవరో కోసేశారు, పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు, వచ్చి లాభం లేదు అన్నాను. వాళ్ళూ అదే అన్నారు. వాళ్ళకి నిజమే చెప్పాను. విడిపించుకుందని నీ ఒక్కడికే చెప్పాను.”